తమ్ముడి మంద వెతుక్కుంటూ ఈదులకుంటకు

మా తమ్ముడు తిరుపాలుకు నిరుడు ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను కూడా పోతుందేమోనన్న భయంతో నేను నల్లమల అంచున ఉండే ఈదులకుంట అనే చిన్న పల్లెకు పోయి వచ్చాను. అది చూడదగ్గ ఊరని ఎవరూ చెప్పరు. అయినా ఆ వైపు పల్లెల్లో చుట్టాలున్నవాళ్లు, మందల వెంట పోయిన మగవాళ్లను వెతుక్కుంటూ పోయేవాళ్లు మా మార్కాపురంలో చాలామందే ఉన్నారు. బస్సు ఎప్పుడు, ఆటోకు ఎంత, ఎక్కడ దిగాలి అనేది రాసి పెడితే నాలాగా తిప్పలు పడకుండా ఉంటారని మా మనవరాలు రాధ అంది. దానికి ప్రయాణాల గురించి రాసే పేజీ ఒకటి ఉంది. నేను ఐదో తరగతి దాటలేదు. పలకల ఫ్యాక్టరీలో పలకలు అరగదీసి బతికినదాన్ని. రాసింది నేను, తప్పులు దిద్దింది రాధ. ఇంకా ఏమన్నా మిగిలి ఉంటే మన్నించండి.

తిరుపాలు గొర్రెల కాపరి. ఎండాకాలం వస్తే వాడూ, ఇంకో కాపరీ కలిసి మందను తోలుకుని కొండ అంచు పల్లెలకు పోతారు. అక్కడ రైతులు రాత్రిళ్లు తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. చుట్టూ వల కట్టి గొర్రెలను అందులో పడుకోబెడితే తెల్లవారేసరికి ఆ జాగాకు ఎరువు అందుతుంది. మర్నాడు వలను పక్కకు జరుపుతారు. ఇట్లా చేను మొత్తం తిప్పాలి. అన్ని రోజులూ కాపరులకు తిండి ఆ రైతు ఇంటి నుంచే వస్తుంది. ఈ పనిలో పడి వాడు నిరుడు కంటి డాక్టరు మాట వినలేదు. శుక్లం పండిపోయి ఎడమ కన్ను ఆరిపోయింది. ఈ ఏడు మార్కాపురంలో కంటి శిబిరం పెడితే బలవంతాన తీసుకుపోయాను. "అది ఇక రాదు పెద్దమ్మా, ఈ కన్నయినా దక్కించుకోండి, ఆలస్యం చేస్తే ఇదీ అంతే" అన్నాడు డాక్టరు. ఆపరేషనుకు శనివారం పొద్దున్నే బస్టాండు దగ్గరికి వాళ్ల బండి వస్తుందన్నారు. తిరుపాలు తల ఊపి, మందలోకి పోయి, మళ్లీ కనపడలేదు. ఇద్దరు కాపరులకూ ఉండేది ఒకటే ఫోను. అది ఎన్నిసార్లు చేసినా మోగలేదు. గురువారం రాత్రి నాకు కన్ను మూతపడలేదు. మా అబ్బాయి "మామ చిన్నపిల్లోడా అమ్మా, ఆయనే వస్తాడు" అన్నాడు. వాడికేం, వాడు నిద్రపోయాడు. మందలో ఉన్న మనిషికి పాము కరవచ్చు, ఎండదెబ్బ తగలొచ్చు. నేను శుక్రవారం చీకటితోనే లేచాను.

మార్కాపురం బస్టాండు నుంచి యర్రగొండపాలెం పోయే పల్లెవెలుగు బస్సు ఆరున్నర ప్రాంతంలో దొరికింది. మా వైపు ఆ ఊరిని వై.పాలెం అంటాం. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ కార్డులో నా ముఖం నాలాగా ఉండదు. కండక్టరు ఒప్పుకోడేమోనని బస్సు ఎక్కినప్పటి నుంచి ఒకటే దిగులు. అతను కార్డు వైపు చూడనే లేదు. "సరిగ్గా చూడు నాయనా, మళ్లీ చెకింగువాళ్లు వస్తే" అన్నాను. "అవ్వా, నువ్వు నువ్వేనని నాకు నమ్మకం ఉంది, నీకే లేదు" అన్నాడు. బస్సంతా నవ్వారు. కిటికీ పక్కన కూర్చుంటే ఎండ, లోపల కూర్చుంటే వాంతి, ఎటు కూర్చోవాలో తేల్చుకునేలోపే దారి సగం అయిపోయింది. గంటన్నర పట్టింది. వై.పాలెంలో దిగి ఇడ్లీ తినండి, ముప్పై రూపాయలకు కడుపు నిండుతుంది. ఆ తర్వాత తినడానికి ఏమీ దొరకదు. నేను మాత్రం రెండు ముక్కలు తిని ఆటోల వైపు నడిచాను.

ఈదులకుంటకు బస్సు లేదు. బస్టాండు బయట షేర్ ఆటోలు ఉంటాయి. మనిషికి నలభై, జనం నిండితేనే కదులుతాయి. నా ఆటో నడిపింది ఖాదర్ అనే నడివయసు మనిషి. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈదులకుంటలో ఎవరింటికి అని అడిగితే ఫలానా మందకని చెప్పాను.

"మందకా పెద్దమ్మా? జాగ్రత్త. పోయిన నెల గూడెం పక్కన చిరుత మేకను ఎత్తుకపోయింది."

"మనుషుల్ని ఏమన్నా చేసిందా?"

"మనుషుల్ని ఏం చేస్తది? మేకను తినింది కదా, కడుపు నిండి పండుకుంది."

నన్ను ధైర్యపరచడానికే అన్నాడు. కానీ పోయిన నెల తిన్నది ఇప్పటికి మళ్లీ ఆకలి అవుతుంది కదా అని నా లెక్క. దిగేటప్పుడు సాయంత్రం నాలుగింటికి ఇదే అడ్డరోడ్డుకు రమ్మని బతిమాలాను. నాకు తిరుగు ప్రయాణం ఒక్కదానికి కాదు, ఇద్దరికి అని చెప్పాను. ఆ ఆటో అందితేనే ఐదు గంటల మార్కాపురం బస్సు అందుతుంది. ఆ బస్సు అందకపోతే తమ్ముడికి కంటి బండి అందదు. "వస్తాలే పెద్దమ్మా, నన్ను కూడా ఆధార్ అడగతావా ఏంది" అన్నాడు. బస్సులో సంగతి కూడా నేనే చెప్పుకున్నాను మరి.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. రోడ్డు మీద ఎవరిని అడిగినా ఈదులకుంట ఇదే అంటారు. తీరా చూస్తే అక్కడ నాలుగు ఊళ్లున్నాయి. అడ్డరోడ్డుకు ఆనుకుని భూములున్న రైతుల ఇళ్లు, డాబాలు. అక్కడి నుంచి కుడి పక్కన తండా. ఎడమ పక్క వాగు దాటి నడిస్తే కూలినాలి చేసుకునే క్రైస్తవుల పల్లె, పాతిక ఇళ్లు ఉంటాయేమో. ఇంకా పైకి, కొండ మొదట్లో చెంచుల గూడెం. నాకు ఇవేవీ తెలియవు. మొదట రైతుల ఇళ్ల దగ్గర అడిగాను. అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ఒకామె తండా వైపు చెయ్యి చూపింది. ఎండలో అంత దూరం పోతే తండా అంచున ఒక చేను నిండా గొర్రెల పెంటికలు ఉన్నాయి కానీ గొర్రెలు లేవు. పెంటికలు చేత్తో నలిపి చూశాను. పొడి అయిపోయాయి. గొర్రెలు కాసిన నాయన దగ్గర పెరిగిన చెయ్యి కదా, మంద లేచి నాలుగు రోజులు దాటిందని తెలిసింది.  బిందె ఎత్తుకుని వస్తున్న తండా ఆమె నన్ను చూసి ఆగింది.

"ఎవురికోసం అవ్వా?"

"మా తమ్ముడు. ఒంటి కన్ను. గొర్రెలు."

"ఆయనా! మరియమ్మోళ్ల చేనుకు పోయినాడు, పల్లెకు. నువ్వు ఇట్ల వచ్చినావేంది, వాగు అవతల కదా." బిందెలో నీళ్లు రెండు దోసిళ్లు పోసింది. ఆ నీళ్లు లేకపోతే ఈ రాత నేను రాసేదాన్ని కాదేమో.

వాగు ఎండి ఇసుక మెరుస్తోంది. దాటి పల్లెకు చేరేసరికి పదకొండు దాటింది. రేకుల చర్చి, దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద గంట బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మరియమ్మ ఇల్లు చర్చి వెనకే. నాకంటే పదేళ్లు చిన్నది ఉంటుంది. నేను ఫలానా అని చెప్పగానే చేతిలో గిన్నె పక్కన పెట్టి "పెద్దక్కవా! అన్న నీ సంగతే చెప్తా ఉంటాడు, ఉరిమితే మంచం కిందికి పోతావంట కదా" అంది. అంత ఎండలో పరాయి ఇంట్లో అడుగు పెడుతూనే నా పరువు పోయింది. ముందు మా వాడు బతికే ఉన్నాడా అని అడిగాను. బతికే ఉన్నాడు, ఇప్పుడే సంగటి తినిపోయాడు అంది. అప్పుడు గడప మీదే కూర్చుండిపోయాను. జొన్న సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసింది. మీరు పోతే పిల్లలకు ఏమన్నా తీసుకుపోండి, డబ్బు మాత్రం చూపించకండి.

తిరుపాలు వాళ్ల చేను గట్టు మీద, తుమ్మచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. గొర్రెలు ఎండకు తలలు ఒకదాని కింద ఒకటి దూర్చి నిలబడ్డాయి. నేను దగ్గరికి పోయి నిలబడినా వాడికి తెలియలేదు. దగ్గినాక తల తిప్పి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవురది?" అన్నాడు. 

"నేనేరా. రేపు పొద్దున కంటి బండి. మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు అక్కా. పోవడంలేదు."

"ఏంది పోవడంలేదు?"

"తోడోడి బిడ్డకు కాన్పు కష్టమైందంట. ఫోను తీసుకుని గిద్దలూరు పోయినాడు. నేను పోతే వీటిని ఎవురు చూస్తారు? చేను సగమే అయింది."

మా వెనకే మరియమ్మ, ఆమె పెనిమిటి వచ్చి నిలబడ్డారు. మరియమ్మకు కోపం వచ్చింది. "మేమేమన్నా కట్టేసినామా అన్నా నిన్ను? నా చేను అయినకాడికి చాలు. మందను ఇంటికి తోలుకో, కన్ను చూపించుకో. రేపు నీ కన్ను పోతే ఆ పాపం నా చేనుకా?"

"తోలుకుని ఇల్లు చేరాలంటే మూడు రోజులమ్మా. బండి పోతది" అన్నాడు తిరుపాలు. తర్వాత చేను వైపు చూపించాడు, ఆ సగం చూపుతోనే. "అదీగాక సగం చేనులో మంద పండి సగం వదిలేస్తే రేపు సజ్జ రెండు రకాలుగా లేస్తది. ఈడదాకా నల్లగా, ఆడ్నుంచి పాలిపోయి, గీత గీసినట్టు. దారిన పోయేటోళ్లందరూ అడగతారు, ఎవురి మంద ఇది అని. పంట కోసేదాకా నా పేరు ఆ చేను మీద ఉంటది. ఏ పల్లెలో రానిస్తారు నన్ను?"

ఇది నిజం. మా నాయన కూడా ఒకసారి కట్టిన మందను మధ్యలో లేపేవాడు కాదు.  కంటి కోసం వచ్చాను కానీ ఈ చిక్కుకు నా దగ్గర మందు లేదు. ఎండ నెత్తికెక్కింది. నాలుగు గంటలకు ఖాదర్ వస్తాడు, పోతాడు. నేను అరిచాను.

"ఎవురికన్నా ఒప్పజెప్పి పోరా!"

"ఎవురికి? నీకా?" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "బొద్దింక కనపడితే ఫ్యాక్టరీకి సెలవు పెట్టినదానివి."

"నాకే" అన్నాను.

 అనేశాక వెనక్కి తీసుకుందామనుకున్నాను. కానీ వాడి నవ్వు ఆగిపోయింది. మరియమ్మ పెనిమిటి, అప్పటిదాకా నోరు తెరవని మనిషి, "రాత్రికి నేను గట్టు మీద పండుకుంటా. గూడెం నుంచి అంజయ్యను పిలుస్తా, ఆయన కుక్కలుంటే చిరుత ఇటు తొంగి చూడదు. వల జరపడం మాకు చేతనైతది. గొర్రెల్ని లోపలికి పిలిచేది మాత్రం మా వల్ల కాదు. అమ్మకు వస్తదా?" అన్నాడు. పెళ్లికి ముందు వచ్చేది. యాభై ఏళ్లయింది అన్నాను.

అప్పటి నుంచి తిరుపాలు నన్ను కూర్చోబెట్టి అప్పగింతలు మొదలుపెట్టాడు. ఏ గొర్రె ముందు నడుస్తుంది, ఏది కొమ్ముతో పొడుస్తుంది, ఏ పిల్లకు ఇంకో తల్లి దగ్గర పాలు తాపాలి. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. అన్నింటికీ ఊ కొట్టాను. మరియమ్మ ఫోనులో మా అబ్బాయికి చెప్పాను, మామను బస్టాండులో పట్టుకుని ఇంటికి తీసుకుపోయి పొద్దున బండి ఎక్కించమని. "నువ్వు మందలో ఉంటావా? నువ్వా?" అన్నాడు వాడు. అందరిదీ ఒకటే మాట. మూడున్నరకు తిరుపాలు లేచి, చెట్టుకు తగిలించిన తన కంబళి నా భుజం మీద వేశాడు. ఈ ఎండలో ఎందుకురా అంటే "పొద్దు గూకేటప్పుడు కప్పుకో. చెమట పట్టినా తియ్యొద్దు. దాంతో నేనున్నాననుకుంటాయి" అన్నాడు. అడ్డరోడ్డు వరకు మరియమ్మ పెనిమిటి తోడు పోయాడు. ఆటో శబ్దం వినపడేదాకా నేను నోట్లో దేవుళ్లందరినీ తలుచుకుంటూనే ఉన్నాను. మరియమ్మ పక్కన కూర్చుని తన ప్రభువును తలుచుకుంది. ఎవరు విన్నారో, ఖాదర్ మాట తప్పలేదు.

పొద్దు వాలింది. వల కట్టి వాకిలి తెరిస్తే ఒక్క గొర్రె కూడా లోపలికి రాలేదు. మొత్తం మంద వాగు వైపు తిరిగి, తిరుపాలు పోయిన దారి చూస్తూ నిలబడింది. అరిచాం, అదిలించాం. రెండు పిల్లలు తప్పించుకుని వాగులోకి పరుగెత్తాయి. అంజయ్య కుక్కలను పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "కుక్కల్ని వదిలితే చెదిరిపోతాయి అమ్మా, నువ్వే పిలవాల" అన్నాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు కంబళి సంగతి గుర్తొచ్చి తల మీదుగా కప్పుకున్నాను. ఉన్ని వాసన, పొగ వాసన, చెమట వాసన. మా నాయన దగ్గరా ఇదే వాసన. వల వాకిట్లో నిలబడి నాలుక మడిచి కేక పెట్టాను. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి గాలి వచ్చింది. మూడోసారి కేక వచ్చింది. ముందు గొర్రె చెవులు కదిపి వెనక్కి తిరిగింది. ఒకసారి నా ముఖంలోకి, ఇంకోసారి కంబళిలోకి చూసి, ఏమనుకుందో, లోపలికి నడిచింది. దాని వెనక మంద మొత్తం. వాగులోకి పోయిన పిల్లలు తమంతట తామే వచ్చాయి.

తెల్లవారి లెక్కబెట్టాను. ఒకసారి తక్కువ వచ్చాయి, ఒకసారి ఎక్కువ వచ్చాయి. మూడోసారి మొదలుపెడితే మరియమ్మ "చాలు పెద్దక్కా, నువ్వు చూసే చూపుకే అవి చిక్కిపోతా ఉండాయి" అంది. మధ్యాహ్నం మా అబ్బాయి ఫోను చేసి మామను బండి ఎక్కించానన్నాడు. సాయంత్రం ఆపరేషను అయిందన్నాడు. కట్టు విప్పాలి, విప్పితే కానీ తెలియదు. ఆదివారం చర్చిలో రైలు పట్టా మోగించి తిరుపాలు కన్ను కోసం ప్రార్థన చేశారు. నన్నూ పిలిస్తే పోయి వెనక కూర్చున్నాను. ఆ సాయంత్రం అంజయ్య కొంచెం తేనె తెచ్చి "వచ్చినాక ఆయనకి ఇయ్యి" అన్నాడు. చూపు వస్తుందో రాదో తెలియకముందే ఈ తేనె ఎందుకని నాకు లోపల ఒకటే భయం. రోజూ వల జరుపుతూనే ఉన్నాం. చేను చివరి మూల మిగిలింది.

సోమవారం మధ్యాహ్నం ఖాదర్ ఆటో వాగు ఇసుకలో దిగబడుతూ పల్లె దాకా వచ్చేసింది. నల్ల కళ్లద్దాలతో తిరుపాలు దిగాడు. నేను పరుగెత్తలేను, అయినా గట్టు దాకా పరుగెత్తాను. కనపడుతోందో లేదోనని వాడి ముఖం కేసే చూస్తున్నాను. వాడు గట్టు అవతలే నిలబడి, చేను మీద, మంద మీద తల నిదానంగా తిప్పాడు. ఒకచోట ఆగాడు.

"అక్కా, ఆ నల్లమూతి గొర్రె కుంటతా ఉంది. వెనక కాలికి ముల్లు దిగింది. మూడు రోజులుండి చూసుకోలేదా నువ్వు?"

అది చేనుకు ఆ చివర ఉంది. నాకు అది కుంటుతోందనే కాదు, నల్లమూతిదని కూడా కనపడలేదు. "వచ్చీ రాంగనే తిట్లా అన్నా" అని మరియమ్మ కసురుతోంది. నేను మాత్రం ఆ తిట్టు మళ్లీ తిట్టమని అడిగాను.

నేను భయం మానుకున్నదాన్ని కాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా వాడు చుక్కల మందు వేసుకున్నాడో లేదో అని రెండుసార్లు లేచి ఫోను చేశాను. కానీ ఒకటి అర్థమైంది. భయం ఉన్న మనిషి కూడా ఒక చోట నిలబడి ఉండగలదు, పక్కన నలుగురు ఉంటే చాలు. ఆ నలుగురిలో కొందరు మా మతం కాదు, కొందరు మా యాస కాదు, ఎవరూ మా చుట్టాలు కాదు. వాళ్ల పల్లె పేరు రోడ్డు మీద బోర్డులో కూడా లేదు. ఇక మీలో ఎవరైనా అటు పోతే ఒక్క జాగ్రత్త చెబుతాను. తొలకరి పడ్డాక ఆ వాగు గంటలో నిండుతుంది. అడ్డరోడ్డులో దిగకముందే వాగు పారుతోందా అని ఆటో అతన్ని అడగండి. పారుతుంటే అక్కడ దిగవద్దు, గూడెం వైపు మట్టిరోడ్డు ఉంది, ఇంకో ఇరవై రూపాయలు ఇస్తే అటు నుంచి దింపుతారు.